కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ బిగించారా? మృగశిర లోపు ఈ పనులు చేసుకోండి

మా వైపు కార్లకు నీళ్ల గండమేంటని నవ్వేవాళ్లుంటారు. నల్గొండ, మహబూబ్‌నగర్ అంటే బోర్లు ఎండిపోయే జిల్లాలని పేరు. ఏడాదిలో ముప్పాతిక భాగం కారు మింగేది దుమ్మే. అందుకే ఎయిర్ ఇన్‌టేక్, అంటే ఇంజిన్ గాలి పీల్చే పైపు, మార్పించేటప్పుడు నీళ్ల సంగతి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. పికప్ ఎంత పెరుగుతుంది, సౌండ్ ఎలా వస్తుంది, ఈ రెండే అడిగాను.

కానీ ఇక్కడ వాన వస్తే ఒక్కోసారి గంటలోనే కుమ్మరించి పోతుంది. చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి. రైలు కట్ట కింద అండర్‌బ్రిడ్జిలో నిలిచాయంటే మోటార్ పెట్టి తోడేదాకా అక్కడే ఉంటాయి. 2022 జులై 8న మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, కోడూరు మధ్య ఇలాంటి అండర్‌బ్రిడ్జిలోనే స్కూలు బస్సు ఇరుక్కుపోతే స్థానికులే పిల్లలను బయటికి తెచ్చారు. 2024 సెప్టెంబర్ 1 వానలకు కోదాడలో కార్లు వాగులో కొట్టుకుపోయాయి. కరువు జిల్లా అని పేరున్నంత మాత్రాన కారుకు ధీమా ఏమీ లేదు.

నా కారు ఎలా ఆగిపోయిందో తర్వాత చెప్తాను. ముందు బానెట్ ఎత్తండి.

మీ ఫిల్టర్ ఎక్కడుందో వెతకండి

షాపువాడు బిల్లు మీద ఏ పేరు రాసినా పట్టించుకోకండి. ఇంజిన్ చల్లారాక, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే మూత) దగ్గర మొదలుపెట్టి లావు పైపును చేత్తో తడుముకుంటూ చివరిదాకా వెళ్లండి. ఆ చివర ఎక్కడ తేలుతుందో దాన్ని బట్టే మీ పని ఎంతో తేలుతుంది.

కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా అలాగే ఉండి, లోపలి పేపర్ ఫిల్టర్ బదులు ఉతికి వాడుకునే కాటన్ ఫిల్టర్ వేశారా? అయితే మీకు కొత్తగా వచ్చిన ప్రమాదం లేదు. గాలి పీల్చే నోరు కంపెనీ పెట్టిన చోటే ఉంది. నీళ్లలో నడిపేటప్పటి జాగ్రత్తలు, ఇంజిన్ ఆగితే ఏం చేయాలన్నది చదివితే చాలు.

డబ్బా తీసేసి, బానెట్ కిందే ఇంజిన్ పక్కన శంకువులాంటి ఫిల్టర్ బిగించారా? దాన్ని షార్ట్ ర్యామ్ అంటారు. రోడ్డు నీళ్లకు దూరంగా ఉంటుంది కాబట్టి మునిగే భయం తక్కువ. మే నెలలో మిర్యాలగూడ ఎండకు బయటే 44 డిగ్రీలుంటే బానెట్ కింద ఎంతుంటుందో ఆలోచించండి. ఆ వేడి గాలి పీల్చి పికప్ పెరిగిందని చెప్పేవాళ్లు సౌండ్ విని మురిసిపోతున్నారంతే. అది వేరే గొడవ.

పైపు కిందికి దిగి బంపర్ వెనకాలో, ఫాగ్ ల్యాంప్ పక్కనో, ముందు చక్రం మడ్‌గార్డ్ లోపలో తేలిందా? అదే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. ఇంజిన్ వేడి తగలని చల్లగాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ, అందుకే అంత కిందికి దించుతారు. లెక్క తప్పేమీ కాదు. కాకపోతే కంపెనీ ఇంజినీర్లు రేడియేటర్ పైభాగం దగ్గరో, హెడ్‌లైట్ వెనకాలో పెట్టిన నోటిని తెచ్చి నీళ్లు చిమ్మే చోట పెట్టినట్టయింది. పాత డబ్బా అడుగున నీళ్లు కారిపోవడానికి ఉండే రంధ్రం కూడా డబ్బాతోపాటే పోయింది. ఇక్కడి నుంచి చెప్పేదంతా ముఖ్యంగా మీకే.

టేపు పట్టుకోండి

కారును చదునైన చోట ఆపి, నలుగురిని ఎక్కించండి. మనుషులు ఎక్కితే కారు కొంచెం దిగుతుంది కాబట్టి ఖాళీ కారు కొలత పనికిరాదు. నేల నుంచి ఫిల్టర్ అట్టడుగు అంచుదాకా కొలవండి. పైపు మూతి దాకా కాదు, ఫిల్టర్ అడుగు దాకా. కాటన్ ఫిల్టర్ చుట్టూ ఎక్కడి నుంచైనా పీలుస్తుంది, అడుగు అంచు తడిస్తే చాలు.

నా కారుకు ఆ కొలత 31 సెంటీమీటర్లు వచ్చింది. 15 అంగుళాల చక్రాలున్న మామూలు కారులో చక్రం నడిబొడ్డు దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. అంటే టైరు సగం మునిగిందంటే ఫిల్టర్ నీళ్లు తాగుతోందని లెక్క. ఇది నిలిచిన నీళ్ల మాట. కారు కదిలితే బంపర్ ముందు నీళ్లు అలలా లేస్తాయి. ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చిందంటే ఆ అల ఇంకా పెద్దది. అందుకే కొలతలోంచి ఒక జానెడు తీసేయండి, సుమారు 20 సెంటీమీటర్లు. నాకు మిగిలింది 11. అంటే నా కారు దిగగలిగిన లోతు చీలమండ దాకానే! పాత డబ్బా నోరు ఎక్కడుండేదో తర్వాత కొలిస్తే 70 సెంటీమీటర్లు దాటింది. డబ్బులు పెట్టి మరీ అంత ఎత్తు పోగొట్టుకున్నాను.

ఆ మిగిలిన అంకెను ఒక స్టిక్కర్ మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. కారు ఇంట్లో వేరేవాళ్లు కూడా నడుపుతుంటే ఇది మరీ అవసరం. థార్ లాంటి బండికి కంపెనీ 650 మిల్లీమీటర్ల నీళ్లలో దిగొచ్చని చెప్తుంది. ఇన్‌టేక్ మార్చిన రోజు నుంచి ఆ అంకె కూడా మీది కాదు.

ఎన్ని నీళ్లు పడితే ఇంజిన్ పోతుంది?

బకెట్ అనుకుంటారు చాలామంది. లెక్క వేసి చూడండి. నాలుగు సిలిండర్ల 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 312 సీసీ. కంప్రెషన్ 17కు 1 అనుకుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 20 మిల్లీలీటర్ల లోపే. దగ్గుమందు సీసా మూతతో రెండు మూతలు. పెట్రోల్ ఇంజిన్‌లో కంప్రెషన్ తక్కువ కాబట్టి ఇంకో మూత ఎక్కువ పడుతుందేమో, అంతే తేడా.

గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి రావాలి, పైన చోటు లేదు. అప్పుడు వంగేది పిస్టన్‌ను కింది క్రాంక్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్. దీన్నే హైడ్రోలాక్ అంటారు. డీజిల్ కార్లవాళ్లు ఎక్కువ భయపడాల్సింది ఇందుకే. పైగా డీజిల్ ఇంజిన్ యాక్సిలరేటర్ తొక్కినా తొక్కకపోయినా గాలిని బాగా లాగుతూనే ఉంటుంది.

సైలెన్సర్‌లోంచి నీళ్లు పోయి ఇంజిన్ చెడిపోతుందని మనవైపు గట్టి నమ్మకం ఉంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపు పొగ నీళ్లను బయటికే నెడుతుంది. ఆగిపోయిన బండిని నీళ్లలో వదిలేస్తే అటునుంచీ రావచ్చు, కాదనను. కానీ ఇంజిన్లు పోయేది ఎక్కువగా ముందు నోటి నుంచే.

నా కారు సంగతి

రెండేళ్ల కిందట ఆగస్టులో ఒక సాయంత్రం మిర్యాలగూడ నుంచి వస్తూ, దగ్గరి దారి కదా అని రైలు కట్ట కిందికి తిప్పాను. మొగులు విప్పారింది, వాన ఆగి గంటయింది. అండర్‌బ్రిడ్జిలో నీళ్లు పిక్కల దాకా ఉంటాయేమో అనిపించింది. నా కళ్లముందే ఒక ఆటో దాటి పోయింది. ఆటో పోయిందంటే కారు పోదా అనుకున్నాను. ఆటో ఇంజిన్ వెనకాల ఉంటుందని, దాని గాలి నోరు ఎక్కడో పైన ఉంటుందని అప్పుడు తట్టలేదు.

మధ్యలోకి వెళ్లాక ఒక్క 'టక్' శబ్దం. అంతే, ఆగిపోయింది. దగ్గడం లేదు, వణకడం లేదు. టెన్షన్‌లో సెల్ఫ్ కొట్టాను. మళ్లీ కొట్టాను. రెండోసారి ఇంజిన్ తిరగలేదు, గట్టిగా ఒక మూలుగు వచ్చింది. నలుగురు కుర్రాళ్లు దిగి ఒడ్డుకు నెట్టారు.

మా మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తకముందే అడిగాడు, "అన్నా, సెల్ఫ్ కొట్టినవా?" రెండుసార్లన్నాను. ఇంకేమీ అనలేదు. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నెట్టేది) దగ్గరి క్లాంప్ విప్పి పైపు వంచాడు. గ్లాసెడు మట్టి నీళ్లు అతని చెప్పుల మీద పడ్డాయి, వాటితో పాటు రెండు తుమ్మాకులు. ఫిల్టర్ మడతలు నీళ్లకు ఒకదానికొకటి అతుక్కుపోయి, నానబెట్టిన అట్టలా ఉంది. ఇంజిన్ దించి చూస్తే మూడో సిలిండర్ రాడ్ వంగి ఉంది. మొత్తం 68 వేలు. ఆగినప్పుడే వంగిందా, నా సెల్ఫ్‌తో వంగిందా అని అడిగితే, "అది రాడ్డుకే తెల్వాలె" అన్నాడు. ఆగేసరికి కొంచెం వంగినదాన్ని నేను పూర్తిగా వంచి ఉంటానని నా అనుమానం.

అన్నింటికన్నా మేలైన పని: ఫిల్టర్‌ను పైకెత్తడం

కవర్లు, వాల్వులు అన్నీ దీని తర్వాతే. కోల్డ్ ఎయిర్ కిట్లు చాలావరకు రెండు పైపులుగా వస్తాయి. థ్రాటిల్ నుంచి బానెట్ అంచుదాకా ఒకటి, అక్కడి నుంచి కిందికి దిగేది ఇంకొకటి. మధ్యలో రబ్బర్ లేదా సిలికాన్ జాయింట్, రెండు క్లాంపులు. ఆ కింది పైపు తీసేసి, ఫిల్టర్‌ను నేరుగా పై పైపుకు బిగిస్తే అది షార్ట్ ర్యామ్ అయిపోతుంది. స్క్రూ డ్రైవర్‌తో అరగంట పని. బంపర్ విప్పాల్సి వస్తే గంటన్నర.

నేనిప్పుడు చేసేది ఇదే. జూన్ మొదటివారంలో, మృగశిర కార్తె రాకముందే కింది పైపు తీసి పాత బెడ్‌షీట్‌లో చుట్టి అటక మీద పెడతాను. దసరాకు తొందరపడి మళ్లీ బిగించను. మనకు తుపాను వానలు అక్టోబర్‌లో కూడా కొట్టి పోతాయి. 2020లో హైదరాబాద్‌ను, చుట్టుపక్కల ప్రాంతాలను ముంచిన వాన పడింది అక్టోబర్ 13న. దీపావళి దాటాక చూసుకుంటే చాలు.

తీసేటప్పుడు రెండు మూడు సంగతులు గుర్తుంచుకోండి. పైపు మీద ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) ఉంటే దాని వైరు ముందు ఊడదీయండి, లాగితే క్లిప్ విరుగుతుంది. పైకి వచ్చిన ఫిల్టర్ రేడియేటర్ ఫ్యాన్‌కో, బ్యాటరీ టెర్మినల్‌కో ఆనకుండా ఉండాలి. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి వేలెడు సందు ఉంచండి. కంపెనీ డబ్బా ఇంట్లో ఉంటే వానాకాలానికి దాన్నే బిగించేయడం ఇంకా నయం. షాపులో పడేసి వచ్చారా? స్క్రాప్ షాపుల్లో మీ మోడల్‌ది దొరుకుతుంది, వెతకండి.

కింది పైపు తీసే వీలు లేని కిట్ అయితే

అప్పుడు నీళ్లు ఫిల్టర్ దాకా రాకుండా అడ్డాలు పెట్టుకోవాలి. మొదటిది మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్. కిట్ పట్టడానికి షాపువాళ్లు దీన్ని కోసేస్తారు, ఒక్కోసారి మొత్తానికే తీసేస్తారు. చక్రం తిరిగినప్పుడు నీళ్లు పిచికారీలా నేరుగా ఫిల్టర్ మీదికే పోతాయి. కొత్త లైనర్ కొని, పైపు వచ్చే చోట మాత్రమే రంధ్రం చేయించి, క్లిప్పులన్నీ పెట్టించండి. బంపర్ కింది ప్లాస్టిక్ షీటు కూడా ఉందో లేదో వంగి చూడండి.

రెండోది ఫిల్టర్‌కు తొడిగే నీళ్లు పట్టని గుడ్డ తొడుగు. చినుకులను, చిమ్మే నీళ్లను ఆపుతుంది, దుమ్మును కూడా కొంత ఆపుతుంది. మునిగితే మాత్రం ఏమీ ఆపదు. తొడుగు ఉంది కదా అని వాగులో దిగకండి. ఇంకో మాట, వాన పడుతోందని ఫిల్టర్‌కు క్యారీబ్యాగ్ కట్టి నడిపేవాళ్లను చూశాను. ఇంజిన్ ఆ కవర్‌ను లోపలికి పీల్చుకుని ఊపిరాడక గింజుకుంటుంది. చిరిగితే ముక్కలు లోపలికే.

మూడోది బైపాస్ వాల్వ్. ఫిల్టర్‌కు పైన, పైపు మధ్యలో బిగిస్తారు. కింద ఫిల్టర్ మునిగి గాలి అందకపోతే ఇది తెరుచుకుని పై నుంచి గాలి ఇస్తుంది, నీళ్లను లాగే ఊపు పడిపోతుంది. ఆలోచన మంచిదే. రెండు షరతులు: వాల్వ్ నీటి మట్టానికి పైన ఉండాలి, ఇంజిన్‌కు టర్బో ఉండకూడదు. ఈ వాల్వ్‌ను టర్బో కార్లకు వాడొద్దని తయారుచేసేవాళ్లే చెప్తారు. మన దగ్గర తిరిగే డీజిల్ కార్లు దాదాపు అన్నీ టర్బోవే. కాబట్టి డీజిల్ కారుకు ఎవరైనా దీన్ని అమ్మబోతే దండం పెట్టి వచ్చేయండి.

నీళ్లు కారిపోవాలని పైపుకు అడుగున రంధ్రం వేయించమని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఫిల్టర్ చుట్టూ డబ్బా ఉంటే ఆ డబ్బా అడుగున రంధ్రం మంచిదే. ఫిల్టర్ దాటిన తర్వాత పైపుకు వేస్తే మాత్రం వడకట్టని దుమ్మును నేరుగా ఇంజిన్‌కు పెట్టినట్టే. చౌడు నేలల మీద, క్వారీ లారీల వెనక తిరిగే కారుకు ఆ ఒక్క రంధ్రం చాలు, సిలిండర్ లోపలి గోడలు అరగడానికి.

జాయింట్లు ఒకసారి చూడండి

ఫిల్టర్ పైకెత్తినా మధ్యలో జాయింట్ వదులుగా ఉంటే నీళ్లు అక్కడి నుంచి దూరతాయి. క్లాంపులన్నీ బిగించి, రబ్బర్ జాయింట్లను వంచి చూడండి. ఎండకు పగుళ్లు పడి ఉంటే మార్చేయండి. పెట్రోల్ కారు అయితే ఒక చిన్న పరీక్ష ఉంది. ఫిల్టర్ తీసి, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, పైపు మూతిని మందపాటి రబ్బర్ షీటు అంటించిన చెక్కతో మూయండి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే జాయింట్లు గట్టిగా ఉన్నట్టు. ఆగకుండా నడుస్తుంటే ఎక్కడో గాలి దూరుతోంది. చేత్తో మూయకండి, గుడ్డ అసలే వద్దు. డీజిల్‌కు ఈ పరీక్ష ఇంట్లో చేయకండి, లాగే బలం చాలా ఎక్కువ.

వాటర్ సర్వీసింగ్ దగ్గర

నీళ్లంటే వాగే అనుకోకండి. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో కుర్రాడు బానెట్ ఎత్తి ప్రెషర్ గన్ పెడితే బయటికి కనిపించే కోన్ ఫిల్టర్‌ను నిమిషంలో నింపేస్తాడు. షార్ట్ ర్యామ్ వాళ్లకు ఇదే అసలు గండం. బానెట్ లోపల కొట్టొద్దని ముందే చెప్పండి. తప్పనిసరైతే ఇంజిన్ ఆపి ఉండగా ఫిల్టర్‌కు కవర్ కట్టి, అయిపోగానే విప్పండి. కవర్ విప్పిందాకా తాళంచెవి మీ జేబులోనే ఉండాలి.

ఫిల్టర్ ఉతికినప్పుడు నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత రాసే ఆయిల్ పలుచగా చాలు. ఎక్కువైతే ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగకు అంటుకుని చెక్ ఇంజిన్ లైట్ వస్తుంది.

నీళ్ల ఒడ్డున నిలబడినప్పుడు

పారే నీళ్లయితే ఆలోచించకండి, వెనక్కి తిప్పండి. అడుగు లోతు పారే నీళ్లే చిన్న కారును కదిలిస్తాయి, రెండడుగులైతే పెద్ద బండ్లు కూడా ఆగవు. కల్వకుర్తి వైపు దుందుభి మీద గానీ, మూసీ మీద గానీ లోలెవల్ వంతెన మీదుగా నీళ్లు పోతుంటే అక్కడ ఇన్‌టేక్ ఎత్తు లెక్కలోకే రాదు. వంతెన కింద కోసుకుపోయిందేమో పైకి కనపడదు.

నిలిచిన నీళ్లయితే మీ స్టిక్కర్ మీది అంకె గుర్తుచేసుకోండి. అండర్‌బ్రిడ్జి గోడ మీద పాత నీటి మరకలు, అంచున రాళ్లు చూస్తే లోతు కొంచెం తెలుస్తుంది. మీకంటే ముందు దాటిన కారులో నీళ్లు చక్రం ఎక్కడిదాకా వచ్చాయో చూడండి. ఆటోను, ట్రాక్టర్‌ను చూసి మాత్రం దిగకండి, నా అనుభవం చాలు. అనుమానం ఉంటే పది కిలోమీటర్లు చుట్టు తిరిగినా నష్టం లేదు.

దిగక తప్పదు, లోతు మీ అంకె లోపే ఉంది అనుకుంటే: ఏసీ ఆపండి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగితే నీళ్లను ఇంజిన్ మీదికి విసురుతుంది. ఆటో స్టార్ట్ స్టాప్ ఉంటే ఆపేయండి. మొదటి గేరులో, నడిచే మనిషి వేగంతో, ఆపకుండా, మధ్యలో గేరు మార్చకుండా పోనివ్వండి. ఆర్‌పీఎం పెంచితే ఇంజిన్ పీల్చే గాలి పెరుగుతుంది, దాంతో నీళ్లను లాగే బలం కూడా. ఎదురుగా లారీ దిగుతోందంటే అది దాటేదాకా ఒడ్డునే ఆగండి.

ఇంజిన్ ఆగిపోతే

సెల్ఫ్ కొట్టకండి. పుష్ బటన్ కారులో అలవాటుగా బ్రేక్ తొక్కి బటన్ నొక్కేస్తారు, అదీ సెల్ఫే. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, నీళ్లు పెరుగుతుంటే ముందు మనుషులు దిగండి. ఫొటోలు తీసి పెట్టుకోండి, నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో కనిపించేలా.

తర్వాత న్యూట్రల్‌లో నెట్టి ఒడ్డు చేర్చండి. ఇక్కడే మనవాళ్లు ఇంకో తప్పు చేస్తారు. ట్రాక్టర్‌కు తాడు కట్టి, రెండో గేరులో వేసి లాగి స్టార్ట్ చేయబోతారు. చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతాయి, సెల్ఫ్ మోటార్ కన్నా ఎన్నో రెట్ల బలంతో. సెల్ఫ్ వంచలేని రాడ్‌ను ట్రాక్టర్ వంచేస్తుంది. లాగితే న్యూట్రల్‌లోనే లాగాలి. ఆటోమేటిక్ కారు అయితే రికవరీ వ్యాన్ మీద ఎక్కించడమే మంచిది.

ఒడ్డున ఫిల్టర్ తీసి చూడండి. అది పొడిగా ఉండి, పైపు లోపల వేలు పెడితే తడి తగలకపోతే, ఆగింది కరెంటు కనెక్షన్ తడిసి అయ్యుండొచ్చు. తడి తగిలిందా, ఇక స్టార్ట్ మాట ఎత్తకండి, మెకానిక్‌ను పిలవండి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంటే, లేదా మట్టం పైగీత దాటి ఉంటే నీళ్లు కిందిదాకా దిగినట్టే.

మెకానిక్ చేయాల్సింది ఇది, మీరు పక్కన నిలబడి చేయించండి. పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్గులన్నీ, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులు లేదా ఇంజెక్టర్లు తీయాలి. ముందు క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పాలి. సాఫీగా తిరిగితే అప్పుడు ఇంధనం, స్పార్క్ రాకుండా ఆపి సెల్ఫ్ కొడితే నీళ్లు ఆ రంధ్రాల్లోంచి పిచికారీ కొడతాయి. ముఖం దూరంగా పెట్టుకోమనండి. చేత్తోనే తిరగకుండా ఒకచోట గట్టిగా ఆనితే అక్కడే ఆపాలి.

టర్బో డీజిల్ అయితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది) కింది హోస్ తప్పనిసరిగా విప్పించండి. నీళ్లు దాని అడుగున చేరి కూర్చుంటాయి. ఊళ్లో మెల్లగా తిరిగినంతసేపు ఏమీ కాదు. నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కి యాక్సిలరేటర్ నొక్కగానే ఆ నీళ్లన్నీ ఒకేసారి ఇంజిన్‌లోకి పోతాయి.

ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చి, కాసేపు నడిపి మళ్లీ మార్చాలి. ఆ తర్వాత నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ గేజ్ పెట్టించండి. ఒకదానిలో తక్కువ చూపిస్తే అక్కడ రాడ్ వంగి పొట్టిదై ఉండొచ్చు. కొంచెం వంగిన రాడ్‌తో కారు స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత విరిగి ఇంజిన్ బ్లాకును పొడుచుకుని బయటికి వస్తుంది. స్టార్ట్ అయింది కదా అని మెకానిక్ గేజ్ అక్కర్లేదంటే వినకండి.

ఇన్సూరెన్స్ కాగితం తీయండి

జీరో డిప్రిసియేషన్ (పార్టుల పాతదనానికి కోత వేయకుండా డబ్బిచ్చే యాడ్ ఆన్) ఉంది కదా అని నేనూ అనుకున్నాను. నీళ్లు పీల్చి లోపల రాడ్లు వంగడాన్ని మామూలు పాలసీలు సాధారణంగా ఒప్పుకోవు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. రెన్యువల్ అప్పుడు అడగండి, మధ్యలో ఇవ్వకపోవచ్చు. అది ఉన్నా సరే, నీళ్లలో ఆగాక మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నం చేస్తే క్లెయిమ్ తిరగ్గొట్టే అవకాశం ఎక్కువ. సర్వేయర్ వచ్చేదాకా ఇంజిన్ విప్పించకండి.

ఇన్‌టేక్ మార్చిన సంగతి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, వాళ్లు ఒప్పుకున్నట్టు పాలసీలో రాయించుకోండి. దాచిపెడితే సర్వేయర్ బానెట్ ఎత్తగానే మొదట కనపడేది ఆ మెరిసే పైపే. కారుకు వారంటీ ఇంకా ఉంటే షోరూమ్‌వాళ్లు కూడా అదే పైపు చూపించి చేతులు ఎత్తేస్తారు.

నా పాలసీలో ఆ యాడ్ ఆన్ లేదు. ఇప్పుడుంది. స్టిక్కర్ మీద అంకె కూడా మారింది. జూన్ నుంచి దీపావళి దాకా 45, మిగతా రోజుల్లో 11.